కణితిని కాల్చాక జ్వరం... ఏది సహజం, ఏది ప్రమాదం?

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలంలోని బలభద్రపురం పేరు రాష్ట్రమంతా వినిపించింది. ఆ ఊళ్లో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న మాట శాసనసభ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. అప్పట్నుంచీ డెల్టాలో ఎక్కడ నలుగురు కలిసినా ‘నీళ్ల వల్లా? పురుగు మందుల వల్లా?’ అన్న చర్చే. కారణాల గురించి మాట్లాడుకోవాల్సిందే. కానీ క్యాన్సర్ చికిత్సలో వచ్చిన ఒక మార్పు గురించీ, దానివల్ల మన ఇళ్లలో మొదలైన కొత్త గందరగోళం గురించీ ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

కత్తి పెట్టకుండా, సన్నటి సూదితో కణితిని వేడితో కాల్చేసే చికిత్స ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో మామూలైపోయింది. దీన్నే థర్మల్ అబ్లేషన్ అంటున్నారు. మన దగ్గరి నుంచి రోగులు విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్తారు. చికిత్స అయ్యాక ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అమలాపురంలోనో, పాలకొల్లులోనో ఇంటికి చేరిన రాత్రే ఒళ్లు వెచ్చబడుతుంది. చికిత్స చేసిన డాక్టరు నాలుగైదు గంటల ప్రయాణం అవతల ఉంటారు. ఇంటి పక్కన ఉండేది ఆర్‌ఎంపీ. అక్కడే అసలు సమస్య మొదలవుతోంది.

ఆ జ్వరం చాలామందిలో ప్రమాదం కాదు. కాలిన కణితిని శుభ్రం చేయడానికి శరీరం చేసుకునే పనిలో అదో భాగం. కొద్దిమందిలో మాత్రం అదే జ్వరం ప్రాణం మీదికి తెచ్చే చీముగడ్డకు గుర్తు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే రెండు రకాలుగానూ నష్టపోతాం. అక్కర్లేనివాళ్లకు అనవసరమైన ఇంజక్షన్లు పడతాయి. అవసరమైనవాళ్లు ‘ఏం ఫర్లేదులే’ అనుకుని ఆలస్యం చేస్తారు.

ఎవరికి చేస్తారు?

అన్ని క్యాన్సర్లకూ ఇది పనికిరాదు. ఎక్కువగా చేసేది కాలేయంలోని చిన్న కణితులకు. అక్కడే పుట్టిన క్యాన్సర్ కావచ్చు, పెద్దపేగు నుంచి పాకినది కావచ్చు. కిడ్నీ, ఊపిరితిత్తుల్లోని చిన్న గడ్డలకూ, ఎముకలో వచ్చే కొన్ని రకాల గడ్డలకూ, థైరాయిడ్ గడ్డలకూ కూడా వాడుతున్నారు. కాలేయంలో మూడు సెంటీమీటర్ల లోపు కణితులకు ఫలితాలు బాగుంటాయి. పెరిగేకొద్దీ అంచుల్లో కొంత మిగిలిపోయే అవకాశం ఎక్కువవుతుంది. పెద్ద రక్తనాళం పక్కనే కణితి ఉన్నా ఇబ్బందే. పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, ఆ పక్క సరిగా కాలదు.

పద్ధతులు ప్రధానంగా రెండు. రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్‌లో సూది కొన నుంచి వేగంగా దిశ మారే విద్యుత్తును పంపుతారు. దాంతో చుట్టూ ఉన్న కణాల్లోని అయాన్లు అటూ ఇటూ కదిలి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. కాలేయ కణితుల మీద ఈ ప్రయోగాలు 1990లో ఇటలీ, అమెరికాల్లో జంతువులతో మొదలయ్యాయి. రెండోది మైక్రోవేవ్ అబ్లేషన్. మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలనే చాలా యంత్రాలు వాడతాయి. ఇది తక్కువ సమయంలో ఎక్కువ మేర కాలుస్తుంది. రెంటిలోనూ లక్ష్యం ఒకటే. కణితినీ, దాని చుట్టూ కొద్దిపాటి మంచి కణజాలాన్నీ 60 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటించడం. ఆ వేడికి కణాల్లోని ప్రొటీన్లు ఉడికిన గుడ్డు తెల్లసొనలా గట్టిపడిపోతాయి. ఇక ఆ కణాలు బతకవు.

ఇది ఆపరేషన్‌కు చేతకాని ప్రత్యామ్నాయమేమీ కాదు. పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన మూడు సెంటీమీటర్ల లోపు కణితులపై నెదర్లాండ్స్ వైద్యుల ఆధ్వర్యంలో ‘కొలిజన్’ అనే అధ్యయనం జరిగింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ, అబ్లేషన్ చేయించుకున్నవాళ్లనూ పోల్చి చూశారు. ఆయుష్షులో అబ్లేషన్ వెనకబడలేదు, దుష్ప్రభావాలు మాత్రం బాగా తగ్గాయి. 2025లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. కాబట్టి రానున్న రోజుల్లో ఈ చికిత్స చేయించుకునేవాళ్లు పెరుగుతారే తప్ప తగ్గరు. చికిత్స తర్వాతి వారం గురించి ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాల్సింది ఇందుకే.

కాలిన చోట ఏం జరుగుతుంది?

కణితిని కాల్చేశారు, కానీ బయటికి తీయలేదు. చచ్చిన కణాల ముద్ద లోపలే ఉంది. సూది ఉన్న చోట నడిమి భాగం పూర్తిగా చనిపోయి ఉంటుంది. దాని చుట్టూ ఉంగరంలా ఒక వలయం ఉంటుంది. అక్కడి వేడి కణాలను చంపేంత కాదు, దెబ్బతీసేంత. కొన్ని కణాలు కోలుకుంటాయి, కొన్ని ఒకటి రెండు రోజుల్లో చనిపోతాయి. ఆ వలయానికి అవతల మామూలు కణజాలం.

అసలు హడావుడంతా ఆ వలయంలోనే. చనిపోయిన కణాలు పగిలి, మామూలుగా కణం లోపలే దాగి ఉండే పదార్థాలు బయటికి వస్తాయి. హీట్ షాక్ ప్రొటీన్లు, డీఎన్‌ఏ ముక్కలు, ఏటీపీ లాంటివి. ఇవి బయట కనిపించాయంటే ఎక్కడో ప్రమాదం జరిగిందని రోగనిరోధక వ్యవస్థకు అర్థం. కాలిన ఇంటి దగ్గర మోగే గంటలాంటివన్నమాట. ఆ పిలుపుకి ముందుగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరతాయి. వెనకాలే మాక్రోఫేజ్‌లు వచ్చి శిథిలాలను మింగడం మొదలుపెడతాయి. ఈ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. మెదడు ఒంటి ఉష్ణోగ్రతను పెంచుతుంది. కాలేయం సీఆర్‌పీని ఎక్కువగా తయారు చేస్తుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్, వాపు ప్రక్రియ అంటాం. ఇక్కడ క్రిమి ఏదీ లేదు. అయినా జ్వరం ఉంటుంది.

సుమారు మూడోవంతు మందిలో ఇది పైకి కనిపిస్తుంది. దీనికి పోస్ట్ అబ్లేషన్ సిండ్రోమ్ అని పేరు. 100, 101 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం, ఆకలి లేకపోవడం, కొద్దిగా వికారం, సూది గుచ్చిన వైపు నొప్పి. కాలేయం పైభాగంలో చేస్తే కుడి భుజం కూడా లాగుతుంది. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో మొదలై, మూడో రోజు ప్రాంతంలో ఎక్కువై, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కాల్చిన ముద్ద ఎంత పెద్దదైతే లక్షణాలు అంత ఎక్కువ. పెద్ద కణితులకు చేసినప్పుడు రెండు మూడు వారాలు పట్టొచ్చు.

రిపోర్టులు భయపెట్టినప్పుడు...

మనవాళ్లు జ్వరం రాగానే ల్యాబ్‌కు పరిగెడతారు. అబ్లేషన్ తర్వాత ఈ రిపోర్టులు తికమక పెడతాయి. తెల్లకణాలు పెరిగి ఉంటాయి. సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంటుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కొన్ని రోజులపాటు పెరుగుతాయి. కాలిన కాలేయ కణాల నుంచి ఆ ఎంజైమ్‌లు కారడమే కారణం. ఇవన్నీ ఇన్‌ఫెక్షన్ లేకుండానే మారతాయి. మొదటి కొద్ది రోజుల్లో స్కాన్ తీస్తే కాలిన చోట చిన్న గాలి బుడగలూ కనిపించవచ్చు. చుట్టూ ఉన్న వాపు వలయం మిగిలిపోయిన కణితిలా భ్రమ కలిగించవచ్చు. అందుకే కణితి పూర్తిగా పోయిందా లేదా అని చూసే స్కాన్‌ను సాధారణంగా నెల రోజుల తర్వాత చేస్తారు. తొందరపడి పదో రోజే స్కాన్ తీయించి ‘ఇంకా ఉందట’ అని కుంగిపోవద్దు.

మరో చిక్కు ప్లేట్‌లెట్లు. కాలేయ క్యాన్సర్ వచ్చేవాళ్లలో చాలామందికి ముందే సిర్రోసిస్ ఉంటుంది. వాళ్లకు ప్లేట్‌లెట్లు ఎప్పుడూ తక్కువే. వానాకాలంలో జ్వరం, లక్ష లోపు ప్లేట్‌లెట్లు చూడగానే ‘డెంగీ’ అనేయడం మన దగ్గర మామూలు. చికిత్సకు ముందు తీసిన రిపోర్టు పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అలాగని డెంగీ, మలేరియా, టైఫాయిడ్ రావని కాదు. డెల్టాలో జూన్ తర్వాత వచ్చే ఏ జ్వరానికైనా ఆ పరీక్షలు చేయాల్సిందే. పాత కాగితాలు పారేయకుండా ఫైలులో ఉంచుకోమనేది అందుకే.

‘వేడి చేసింది’ అనుకుంటే...

కణితిని వేడితో కాల్చారని వినగానే ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన ‘లోపల వేడి ఉండిపోయింది, అందుకే జ్వరం’ అని. ఇది నిజం కాదు. సూది తీసిన కొద్ది నిమిషాల్లోనే అక్కడి వేడి చల్లారిపోతుంది. తర్వాత వచ్చే జ్వరం శరీరం పుట్టించుకున్నది. కానీ ఈ నమ్మకంతో మొదలయ్యే పథ్యం మాత్రం నిజంగానే నష్టం చేస్తుంది. గుడ్డు వేడి, కోడి వేడి, చేప వద్దు, పప్పు వాతం... చివరికి రోగికి మిగిలేది చారన్నం, మజ్జిగన్నం. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ముందే కండ కరిగిపోయి ఉంటుంది. వాళ్లు కోలుకోవడానికి మాంసకృత్తులు చాలా అవసరం. గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు తినొచ్చు. ఒక్కసారి ఎక్కువ తినలేకపోతే కొద్దికొద్దిగా అయిదారుసార్లు పెట్టండి. రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం తినిపించండి. పొట్టలో నీరు ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించాలి, అంతే.

‘చలవ చేస్తుంది’ అని కొబ్బరి బోండాలు వరుసగా తాగించడం కోనసీమలో అలవాటు. పొట్టలో నీటికి స్పైరొనోలాక్టోన్ మాత్ర వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఇది మంచిది కాదు. ఆ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని పెంచుతుంది, కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టర్ని అడిగాకే తాగించండి.

సూది మందు తొందర

మనవాళ్లకు జ్వరం అంటే ఇంజక్షన్ పడాల్సిందే. వీధి చివర దొరికే ఆ ఇంజక్షన్‌లో చాలాసార్లు డైక్లోఫెనాక్, దాంతోపాటు స్టిరాయిడ్, యాంటీబయాటిక్ కూడా ఉంటాయి. అబ్లేషన్ చేయించుకున్న సిర్రోసిస్ రోగికి ఈ మూడూ మూడు రకాల ముప్పు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లి రక్తస్రావం అయ్యే ప్రమాదాన్ని పెంచుతాయి. స్టిరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది కానీ లోపల చీము పడుతుంటే తెలియనివ్వదు, షుగర్‌ను పెంచేస్తుంది. రక్త పరీక్షకు ముందే ఇచ్చిన అరకొర యాంటీబయాటిక్ వల్ల తర్వాత కల్చర్ పరీక్షలో క్రిమి దొరకదు, ఏ మందు పనిచేస్తుందో తేల్చడం కష్టమవుతుంది.

మరి జ్వరానికి ఏం వేయాలి? పారాసిటమాలే. ‘కాలేయం జబ్బుకి పారాసిటమాల్ విషం’ అన్న భయం చాలామందిలో ఉంది. మోతాదు మించితేనే అది హాని చేస్తుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు సాధారణంగా రోజు మొత్తం మీద రెండు గ్రాములు దాటకుండా, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగుకి మించకుండా ఇస్తాం. మీ రోగికి ఎంత అన్నది డిశ్చార్జి రోజునే డాక్టరుతో రాయించుకోండి. మద్యం తాగడం పూర్తిగా మానాలని వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడు ఆగకూడదు?

అబ్లేషన్ మొత్తం మీద సురక్షితమైన చికిత్స. ఇటలీలోని 41 ఆసుపత్రుల్లో 2,320 మంది రోగుల అనుభవాన్ని కలిపి 2003లో ప్రచురించారు. పెద్ద సమస్యలు వచ్చింది 2.2 శాతం మందిలో, చనిపోయింది ఆరుగురు. తక్కువే. కానీ ఆ కొద్దిమందిలో మన ఇంటి మనిషి ఉంటే ఆ శాతాలు మనకు ఓదార్పు కావు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉండకూడదు.

- జ్వరం 102 డిగ్రీలు దాటడం, లేదా వణుకుతో కూడిన చలి రావడం.
- తగ్గిన జ్వరం మళ్లీ రావడం, లేదా వారం తర్వాత కొత్తగా మొదలవడం, పది రోజులు దాటినా తగ్గకపోవడం.
- నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరగడం, పొట్ట గట్టిపడటం, ఉబ్బడం.
- కళ్లు పచ్చబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం.
- ముఖం పాలిపోయి కళ్లు తిరగడం, చెమటలు పట్టడం. లోపల రక్తస్రావం అవుతోందేమో చూడాలి.
- రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం.
- ఆయాసం, ఛాతీలో నొప్పి.
- మాట తడబడటం, పగలు మగతగా ఉండి రాత్రి నిద్ర పట్టకపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం.

చీముగడ్డ ఎక్కువగా మొదటి నెలలోపే బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, పిత్తనాళానికి ఇంతకుముందు ఆపరేషన్ జరిగినవాళ్లు, అందులో స్టెంట్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పేగుల్లోని క్రిములు పిత్తనాళం గుండా పైకి ఎక్కి, కాలిన ముద్దలో తిష్ఠ వేస్తాయి. రక్తప్రసరణ లేని ఆ చోటికి మందు కూడా సరిగా చేరదు. అందుకే ఇలాంటివాళ్లకు జ్వరం వస్తే ‘వస్తుందని చెప్పారుగా’ అని ఊరుకోవద్దు.

మళ్లీ విశాఖో, హైదరాబాదో బయల్దేరడం కన్నా ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి రండి. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఇప్పుడు వైద్య కళాశాలలతో ఉన్నాయి. రక్త పరీక్షలు, స్కాన్ చేసి పరిస్థితిని నిలబెట్టాక ఎక్కడికి పంపాలో నిర్ణయించొచ్చు. కళ్లు తిరిగి పడిపోతున్న మనిషిని సొంత కారులో నాలుగు గంటలు తీసుకెళ్లడం కన్నా 108లో అరగంట ప్రయాణం మేలు.

ఈ వాపు క్యాన్సర్‌ను చంపుతుందా?

ఇటీవల కొన్ని ప్రకటనల్లో ‘కణితిని కాలిస్తే రోగనిరోధక శక్తి మేల్కొని మిగతా క్యాన్సర్‌నూ చంపేస్తుంది’ అని చెబుతున్నారు. ఇందులో సగం నిజం ఉంది. చనిపోయిన కణితి ముక్కలను మోసుకెళ్లి డెండ్రైటిక్ కణాలు టి-కణాలకు చూపిస్తాయి. శత్రువు ఫొటో పోలీసులకు ఇచ్చినట్టు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2017లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 32 మంది కాలేయ క్యాన్సర్ రోగులకు ట్రెమెలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో పాటు అబ్లేషన్ చేశారు. ఫలితాన్ని అంచనా వేయగలిగిన 19 మందిలో అయిదుగురికి, కాల్చని చోట ఉన్న కణితులు కూడా తగ్గాయి.

రెండో సగం చేదు. అదే వాపు రసాయనాలు గాయం మానడానికి కొత్త కణాలను, కొత్త రక్తనాళాలను పెంచమని కూడా చెబుతాయి. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటికీ ఆ ఎరువు అందుతుంది. జంతు ప్రయోగాల్లో ఇది కనిపించింది. చేనుకి చల్లిన ఎరువు కలుపుకీ అందినట్టే. అందుకే కణితి చుట్టూ కొంత మేర కలిపి పూర్తిగా కాల్చడం ముఖ్యం.

ఆపరేషన్ లేదా అబ్లేషన్ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న వాళ్లకు అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇస్తే మేలుందని 668 మందిపై జరిగిన ‘ఐఎమ్‌బ్రేవ్ 050’ అధ్యయనం 2023లో ఆశ కల్పించింది. 2024లో మరింత కాలం గమనించాక ఆ మేలు నిలవలేదని తేలింది. కాబట్టి ‘కాల్చాక ఈ ఖరీదైన ఇంజక్షన్ కూడా వేయిస్తే మళ్లీ రాదు’ అని ఎవరైనా గట్టిగా చెబితే, ఏ ఆధారంతో చెబుతున్నారో అడగండి. పొలం అమ్మే ముందు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

మారాల్సింది ఎక్కడ?

మొదటిది డిశ్చార్జి కాగితం. రోగి ఇంటికి వెళ్లే రోజు ఇచ్చే కాగితంలో ఎక్కడ కాల్చారో, ఎంత మేర కాల్చారో ఇంగ్లిషులో వివరంగా ఉంటుంది. ఎన్ని రోజులు జ్వరం మామూలో, ఎప్పుడు ప్రమాదమో తెలుగులో నాలుగు వాక్యాలు చాలాచోట్ల కనిపించవు. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరూ ఉండదు. ఈ రెండూ అడిగి తీసుకోండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. చికిత్స పథకం కిందికి వస్తుందో లేదో, తర్వాతి స్కాన్‌కూ వర్తిస్తుందో లేదో కూడా ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో ముందే అడగండి.

రెండోది మరీ ముఖ్యం. రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చి చేస్తున్న క్యాన్సర్ స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం. అవి తప్పకుండా చేయించుకోవాలి. కానీ కాలేయ క్యాన్సర్ ఆ వడపోతకు దొరకదు. అబ్లేషన్ పనిచేసేది కణితి మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు. ఆ పరిమాణంలో నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు. వెతికితేనే దొరుకుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లూ, హెపటైటిస్-బి ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్లూ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. పొట్ట ఉబ్బి, కామెర్లతో వచ్చాక సూదితో కాల్చే దశ చాలాసార్లు దాటిపోయి ఉంటుంది.

హెపటైటిస్-బి టీకా దేశమంతా పిల్లలకు ఇవ్వడం 2011లో మొదలైంది. అంటే ఇప్పుడున్న పెద్దవాళ్లలో చాలామందికి ఆ రక్షణ లేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. ఇంట్లో ఒకరికి హెపటైటిస్-బి ఉందని తెలిస్తే మిగతావాళ్లందరికీ పరీక్ష చేయించండి, లేనివాళ్లకు టీకా వేయించండి.

ఇక ఇప్పటికే అబ్లేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవాళ్లు మంచం పక్కన థర్మామీటరు, ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రోజుకు మూడుసార్లు జ్వరం చూసి, టైముతో సహా రాయండి. నొప్పి పెరిగిందా తగ్గిందా, ఏ మాత్ర ఎప్పుడు వేశారు, మూత్రం ఎలా ఉంది అన్నది కూడా రాయండి. ఆ పుస్తకంతో వచ్చిన రోగి విషయంలో మాకు సగం పని అయిపోయినట్టే. అంకెలు దిగుతుంటే ఇంటికి పంపుతాం. మళ్లీ ఎక్కుతుంటే ఆ పూటే స్కాన్‌కు పంపుతాం.